1/48 కోర్సెయిర్: సోలమన్ దీవుల ఎండా దుమ్మూ నమూనా మీదికి తెచ్చిన తీరు

ఈ పని ఒక షరతుతో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల నమూనాలు సేకరించే ఒక పెద్దాయన ఎఫ్‌4యూ-1ఏ కోర్సెయిర్‌ను 1/48 స్కేలులో చేసి ఇమ్మని అడిగారు. అది 1944 తొలి నెలల్లో సోలమన్ దీవుల్లోని స్థావరం నుంచి రెండు మూడు నెలల పాటు ఎగిరిన అమెరికన్ మెరైన్ విమానంలా కనిపించాలనీ, అంతేగానీ పాతసామాన్ల కొట్టులోంచి లాక్కొచ్చినదానిలా ఉండకూడదనీ మొదటిరోజే స్పష్టంగా చెప్పారు. ఆయన ఉద్యోగ జీవితమంతా విమానాల నిర్వహణలోనే గడిచిందని మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే కుడి ఎడమ రెక్కలకు రెండుసార్లు రంగు వేసే అవసరం వచ్చేది కాదేమో.

పాతబరచడం, అంటే మనం వెదరింగ్ అనుకునే పని, చాలామంది చేతుల్లో అలంకారంగా మారిపోయింది. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. రంగు వేయడం అయిపోయాక చిప్పింగుకు (రంగు పెచ్చులు లేచినట్టు చూపడానికి) ఒక రోజు, వాష్‌కు (సందుల్లో దిగే పల్చని ముదురు రంగుకు) ఒక రోజు, మసికి ఒక రోజు అని కేటాయించుకుని, ఖాళీగా కనిపించిన ప్రతి చోటా ఏదో ఒకటి పూసేవాణ్ణి. ఈ కోర్సెయిర్ నాకు ఆ అలవాటు మాన్పించింది. విమానం మీద పడే ప్రతి మరకకూ ఒక పుట్టుక ఉంటుంది, అది ఆ యంత్రం కట్టుబడిలోనో, అది తిరిగిన నేలలోనో ఉంటుంది. కాబట్టి ఈ వివరణలో రంగు సీసాల కన్నా ఆ విమానం గురించే ముందుగా చెప్పవలసి వస్తోంది.

విమానం కట్టుబడి, దాని మరకలు

కోర్సెయిర్ మొదటిసారి 1940 మే 29న ఎగిరింది. ముక్కులో 18 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజన్, దానికి నాలుగు మీటర్లు దాటిన వ్యాసంతో ప్రొపెల్లర్. అంత పెద్ద ప్రొపెల్లర్ నేలకు తగలకుండా ఉండాలంటే చక్రాల కాళ్లు బాగా పొడుగు కావాలి. పొడుగు కాళ్లు బరువు, పైగా నౌక మీద దిగే విమానానికి అవి బలహీనత. అందుకే రెక్కను మొదట కిందికి వంచి, ఆ వంపు అడుగున పొట్టి కాళ్లు అమర్చి, అక్కడి నుంచి మళ్లీ పైకి లేపారు. ప్రధాన ఇంధన ట్యాంకు 237 గ్యాలన్లది, అంటే సుమారు 900 లీటర్లు పట్టేది. అది పైలట్ కూర్చునే చోటికి సరిగ్గా ముందు ఉంటుంది. నింపేటప్పుడు ఒలికినా, అతుకుల్లోంచి కారినా ఇంధనం విండ్‌షీల్డ్ వైపు రాకుండా క్షేత్రంలోని మెకానిక్కులు ఆ ట్యాంకు చుట్టూ ఉన్న ప్యానెళ్ల అతుకుల మీద తెల్లటి టేపు అంటించేవారు. ఆనాటి ఫొటోల్లో కాక్‌పిట్ ముందు కనిపించే తెల్ల చారలు అవే.

నాకు అన్నింటికన్నా ముఖ్యమైన విషయం రెక్కలో ఉంది. మడిచే వీలున్న బయటి రెక్కల్లో ప్రధాన దూలానికి వెనక ఉన్న భాగమంతా లోహపు రేకు కాదు, గుడ్డ. ఎయిలరాన్లు, అంటే రెక్కల వెనకంచున కదిలే పలకలు, ప్లైవుడ్‌వి. తోక మీద కదిలే పలకలైన రడ్డర్, ఎలివేటర్ల మీద కూడా గుడ్డే. పూర్తి లోహపు రెక్క కోర్సెయిర్‌కు యుద్ధం తరవాత వచ్చిన ఎఫ్‌4యూ-5తోనే దక్కింది. ఈ సంగతి నేను ఎన్నోసార్లు చదివాను. చదివినది చేతిలోకి రావడం మాత్రం వేరే సంగతి.

ఇక నేల. సోలమన్ దీవుల్లోని ముండా, బరకోమా వంటి చోట్ల రన్‌వేలు పగడపు రాయిని దంచి పరిచినవి. ఆ దుమ్ము తెలుపు, లేత గోధుమ, లేత బూడిద రంగుల మధ్య ఎక్కడో ఉంటుంది. నమూనాల మీద తరచుగా కనిపించే ఎర్రమట్టి, చాక్లెట్ రంగు బురద అక్కడి విమానానికి అతకవు. పై నుంచి ఏడాది పొడవునా మండే ఎండ, ఉప్పుగాలి, వాన. ఆ ఎండకు నేవీ వారి సముద్రనీలం వారాల్లోనే వెలిసి, సున్నం కలిపినట్టు పొడిబారేది.

జోడింపు

ఈ దశను త్వరగానే దాటుతాను, ఎందుకంటే ఎంచుకున్న టమియా కంపెనీ కిట్ దాదాపు దానంతటదే అమరుతుంది. రెక్కలను మడిచి గానీ చాపి గానీ పెట్టుకునే వీలు ఉంది. చాపి పెట్టాలని పెద్దాయనే నిర్ణయించారు. అలా పెట్టినప్పుడు మడత దగ్గర వెంట్రుక మందాన సందు మిగిలింది. అసలు విమానంలోనూ అక్కడ అతుకు కనిపిస్తుంది కనుక పుట్టీతో పూర్తిగా కప్పకుండా, సందు వెడల్పు అంతటా ఒకేలా ఉండేటట్టు సన్నని ప్లాస్టిక్ రేకుతో సరిచేశాను. ఈ చిన్న నిర్ణయం తరవాత నన్ను పెద్ద శ్రమ నుంచి కాపాడింది.

కాక్‌పిట్ విషయంలో ఒక్క మాట. ఈ రకంలో పైలట్ కాళ్ల కింద నేల అంటూ ఉండదు, పాదాలు ఆనించుకునే రెండు పట్టాలు మాత్రమే ఉంటాయి, వాటి కింద పొట్ట వరకు ఖాళీ. అందువల్ల నేల మీద మట్టి పేరుకున్నట్టు చూపే మామూలు పద్ధతికి ఇక్కడ చోటు లేదు. బూట్లు రాసుకునే ఆ రెండు పట్టాల మీద రంగు అరిగి లోహం బయటపడినట్టు మెత్తని పెన్సిల్‌తో రుద్ది, అంతటితో ఆపాను.

రంగు

1943లో అమల్లోకి వచ్చిన నేవీ పద్ధతి ప్రకారం పైభాగాలకు ముదురు సముద్రనీలం, పక్కలకు మధ్యస్థ నీలం, అడుగున తెలుపు. అయితే మడిచినప్పుడు బయటి రెక్క అడుగు భాగం ఆకాశానికి కనిపిస్తుంది కనుక అక్కడ తెలుపుకు బదులు మధ్యస్థ నీలమే వేసేవారు. దీన్ని చూసుకోకుండా అడుగంతా తెల్లగా కొట్టేసిన కోర్సెయిర్లు నేను చాలా చూశాను.

లాకర్ రకం బూడిద ప్రైమర్ (అడుగుపూత) మీద పని మొదలుపెట్టాను. ముదురు నీలానికి టమియా ఎక్స్‌ఎఫ్-17, పక్కలకు ఎక్స్‌ఎఫ్-18లో తెలుపు కలిపిన మిశ్రమం. ముదురు రంగును వెలిసినట్టు చూపడానికి అందరూ తెలుపు కలుపుతారు. నీలంలో వట్టి తెలుపు కలిపితే వచ్చేది వెలిసిన నీలం కాదు, కొత్తగా వేసిన లేత నీలం. ఎండకు పోయిన రంగులో కొంత పసుపు, కొంత బూడిద కూడా తేలతాయి. అందుకే తెలుపుకు బదులు ఎక్స్‌ఎఫ్-55, అంటే డెక్ టాన్ వాడాను. మొదటి పొరలో పది చుక్కల నీలానికి ఒక చుక్క, చివరి పొరలో మూడు చుక్కలకు ఒకటి. ఎయిర్‌బ్రష్ (రంగు చల్లే చిన్న పరికరం) గాలి పీడనాన్ని 12 పీఎస్‌ఐకి తగ్గించి, పాలకన్నా పల్చగా కలిపిన ఆ చివరి మిశ్రమాన్ని ప్యానెళ్ల నడుమ మబ్బుముక్కల్లా, గజిబిజిగా చల్లాను. ప్యానెల్ మధ్యలు తెల్లగా, అంచులు నల్లగా, వరసగా గళ్లు గళ్లుగా వచ్చే పద్ధతి నాకు నచ్చదు. అలా చేస్తే విమానం ఎండలో ఉన్నట్టు కాక దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది.

అమెరికన్ విమానాల నక్షత్రపు గుర్తులను డెకాల్స్‌తో (నీటిలో తడిపి అతికించే బొమ్మలతో) కాక, ఆకారం కత్తిరించిన మాస్కులు అడ్డుపెట్టి రంగుగా వేశాను. వాటి చుట్టూ ఉండే ఎరుపు అంచు 1943 వేసవిలో కొద్దివారాలు మాత్రమే ఉండి, ఆగస్టులో నీలంగా మారింది, కాబట్టి 1944 విమానానికి నీలమే సరి. రంగుగా వేయడంలో లాభం ఏమిటంటే గుర్తు కూడా దాని చుట్టూ ఉన్న రంగుతో పాటే వెలుస్తుంది. అంకెలకు మాత్రం డెకాల్స్ వాడక తప్పలేదు. గ్లాస్ (మెరిసే) వార్నిష్ పైన అతికించినా ఒక అంకె కింద గాలి చిక్కి వెండిలా మెరిసింది. సన్నని సూదితో నాలుగైదు చోట్ల పొడిచి, డెకాల్ మెత్తబరిచే ద్రావణం రెండుసార్లు పెట్టాక అది కూర్చుంది.

తప్పు జరిగిన చోటు

బయటి రెక్కల పైభాగం మీద స్పాంజి ముక్కను అల్యూమినియం రంగులో ముంచి, ముందంచు నుంచి వెనకంచు దాకా పెచ్చులు లేచినట్టు అద్దాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి దాన్ని చూసి మురిసిపోయాను. మర్నాడు ఉదయం పెద్దాయనకు ఫొటోలు పంపితే అరగంటలో ఫోన్ వచ్చింది.

"చాలా బాగా వస్తోంది బాబూ. ఒక్కటే అడుగుతాను, ఏమనుకోవద్దు. రెక్కలో ఈ వెనక సగం గుడ్డ కదా, రంగు ఊడితే దాని కింద అల్యూమినియం ఎక్కడి నుంచి వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. "మళ్లీ చేస్తానండి" అని మాత్రం అన్నాను.

ఫోన్ పెట్టేశాక భూతద్దం కింద పెట్టి చూస్తే రెండో తప్పు కూడా బయటపడింది. ఈ స్కేలులో నమూనా మీది ఒక మిల్లీమీటరు అసలు విమానం మీద 4.8 సెంటీమీటర్లు. నేను అద్దిన పెచ్చులు చాలావరకు మిల్లీమీటరు పైచిలుకే ఉన్నాయి. అంటే నా కోర్సెయిర్ రెక్క నిండా అరచేతి వెడల్పు గాయాలు. పైగా ఈ విమానాల రంగు కింద జింక్ క్రోమేట్ ప్రైమర్ ఉంటుంది కనుక పైపొర పోయినంత మాత్రాన లోహం మెరవదు, ముందు పసుపుపచ్చని పొర కనిపిస్తుంది. యుద్ధం చివరి నాళ్ల జపాన్ విమానాల మీద రంగు రేకులు రేకులుగా లేచిపోవడం ఆ కాలపు ఫొటోల్లో చూసి, అదే చూపును నేను ఆలోచించకుండా ఇక్కడికి మోసుకొచ్చాను. నలుపు తెలుపు ఫొటోలో లేత మచ్చ కనిపిస్తే అది బయటపడ్డ లోహం కావచ్చు, పగడపు దుమ్ము కావచ్చు, లేదా కెమెరా వైపు తిరిగిన సూర్యకాంతి కావచ్చు. ఈ మూడింటినీ ఒకే వెండి చుక్కగా చదవడమే అసలు పొరపాటు.

రెండు బయటి రెక్కలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేశాను. యాక్రిలిక్ రంగు ఊడి వచ్చింది, కింది లాకర్ ప్రైమర్ నిలిచింది. కొత్త రంగూ పాత రంగూ కలిసే గీత మడత సందులో పడింది కనుక ఎక్కడా మెట్టు తేలలేదు. జోడించేటప్పుడు ఆ సందును పుట్టీతో మూసేసి ఉంటే విమానం మొత్తం రంగు తీయవలసి వచ్చేది.

రెండోసారి

ఈసారి రెక్కను మూడు వేర్వేరు పదార్థాలుగా చూశాను. ముందుభాగం లోహం, వెనక గుడ్డ, ఎయిలరాన్ ప్లైవుడ్. గుడ్డ ఉన్న మేర మీద ఒక్క పెచ్చు కూడా లేదు. అక్కడి రంగును పక్కనున్న లోహం కన్నా ఒక మెట్టు లేతగా, మరింత మ్యాట్‌గా (మెరుపు లేకుండా) ఉంచి, లోపలి ఊచల గీతలు కనిపించే చోట చాలా పల్చని ముదురు రంగు గీశాను. రెండు అడుగుల దూరం నుంచి చూస్తే తేడా కనిపించదు, దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఇది వేరే పదార్థమని కంటికి తోస్తుంది. నాకు కావలసింది అంతే.

అసలు పెచ్చులు రెక్క మధ్యభాగంలో, ఫ్యూజలేజ్‌ను (విమానం మొండేన్ని) ఆనుకుని ఉన్న చోట ఉండాలి, ఎందుకంటే మనుషులు తొక్కేది అక్కడే. కోర్సెయిర్‌లోకి పైలట్ కుడివైపు నుంచి ఎక్కుతాడు, కాబట్టి కుడి రెక్క మొదలు ఎడమ రెక్క మొదలు కన్నా ఎక్కువ అరగాలి. నమూనాల్లో రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా అరిగి ఉండటం తరచు చూస్తాం. ఈ భాగానికి హెయిర్‌స్ప్రే పద్ధతి వాడాను. అక్కడి పాత నీలాన్ని తీసేసి, పసుపుపచ్చ ప్రైమర్ రంగును లాకర్‌తో వేసి, పూర్తిగా ఆరాక రెండు పల్చని పొరల హెయిర్‌స్ప్రే కొట్టి, దాని పైన నీలం వేశాను. అరగంట తరవాత ఆ చోటును నీటితో తడిపి, రెండు నిమిషాలు ఆగి, కురచగా కత్తిరించిన గట్టి కుంచెతో మెల్లగా పొడిచాను. నీరు రంగులోంచి దిగి కింది హెయిర్‌స్ప్రేను కరిగించగానే నీలం చిన్న చిన్న ముక్కలుగా లేస్తుంది. మనం గీస్తే రాని ఆకారాలు ఇందులో వస్తాయి, చేయి మాత్రం తొందరగా ఆపాలి. ఆ పసుపు మచ్చల్లో బూట్లు ఎక్కువగా తగిలే రెండు మూడింటి నడుమ మాత్రం వెండిరంగు పెన్సిల్ మొన ఆనించాను. రెక్క మొత్తం మీద కనిపించే లోహం అంతే. మిగిలిన చోట్ల, తుపాకుల మందుగుండు మూతల అంచుల వద్ద, కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) బిగింపుల వద్ద, 0.2 మిల్లీమీటర్లు మించని చుక్కలు కుంచె మొనతో పెట్టాను. అసలు విమానం మీద అవి సెంటీమీటరు గాయాలు.

ఇంధన ట్యాంకు చుట్టూ తెల్ల టేపులను మాస్కింగ్ చేసి, కొద్దిగా మాసిన తెలుపుతో ఒక మిల్లీమీటరు వెడల్పున కొట్టాను. కొన్ని కొసలను కావాలనే వంకరగా ఉంచాను, చేత్తో చింపి అంటించినవి గదా. ఇంధనపు మరక విషయంలో చాలామంది పొరపడతారు. పెట్రోలు ఒలికితే నల్లటి చార రాదు. అది కారిన దారిలో ఉన్న దుమ్మునూ పొడిబారిన రంగునూ కడిగేసి, దారిని ముదురుగా, అంచులను మురికిగా మిగులుస్తుంది. అందుకని అట్టముక్క మీద నూనె పీల్చుకోనిచ్చిన ఆయిల్ పెయింట్‌తో అంచులను మాత్రమే గీసి, నడుమ భాగాన్ని తడి కుంచెతో తుడిచాను. ఇంజన్ ఆయిల్ చారలు వేరు, అవి నల్లగా జిడ్డుగా కౌలింగ్ అడుగు నుంచి వెనక్కి పోతాయి. వాటికి గోధుమ, నలుపు కలిపి, పూర్తయ్యాక గ్లాస్ వార్నిష్ చుక్క వేశాను.

పొగగొట్టాల మసి మీద ఒక రోజంతా గడిపాను. ఇవి ఫ్యూజలేజ్ అడుగు పక్కల్లో, కౌలింగ్ వెనక బయటికి వస్తాయి కనుక మసి రెక్క కింద నుంచి పొట్ట వెంబడి పోతుంది. అది వట్టి నలుపు కాదు. సీసం కలిపిన 100 ఆక్టేన్ ఇంధనంతో, దూరప్రయాణంలో గాలి ఎక్కువ ఇంధనం తక్కువ మిశ్రమం మీద ఎగిరే ఇంజన్ లేత బూడిద, లేత గోధుమ రంగు పొరను వదులుతుంది. గొట్టం మూతి దగ్గర ముదురు గోధుమ, దాని వెనక నడిమి భాగంలో బూడిద తెలుపు, అంచుల్లో మళ్లీ కొంచెం ముదురు. ఈ మూడింటినీ ఎయిర్‌బ్రష్‌తో ఒకదాని మీద ఒకటి, ప్రతిసారీ కొద్ది కొద్దిగా కొట్టాను. తెల్లని పొట్ట మీద ఆ బూడిద పొర పడ్డాక విమానం మొదటిసారి ఎగిరిన విమానంలా అనిపించింది.

కాలు విరగడం

చివరి దశలో మరో దెబ్బ తగిలింది. చక్రాల కాళ్లకు ఎనామెల్ వాష్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి నమూనా ఎడమవైపు ఒరిగి ఉంది. కాలు దాని గూటిలోకి చొచ్చుకున్న చోట అడ్డంగా చిట్లింది. బిగుతుగా నెట్టి అతికించిన భాగం కనుక అక్కడి ప్లాస్టిక్ ముందే ఒత్తిడిలో ఉంది. రంగు పట్టని ఆ మూలలోకి వాష్ గుంటకట్టి దిగింది, అందులోని వైట్ స్పిరిట్ ఒత్తిడిలో ఉన్న పాలిస్టైరీన్‌ను పెళుసుబరిచింది. విరిగిన రెండు ముక్కల్లోనూ 0.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, లోపల ఇత్తడి తీగ పెట్టి సూపర్‌గ్లూతో అతికించాను. అప్పటి నుంచి బరువు మోసే ఏ అతుకు దగ్గరా వాష్ పెట్టే ముందు వార్నిష్ రెండుసార్లు వేస్తున్నాను, వాష్‌ను కూడా గుంటకట్టనివ్వకుండా పొడి కుంచెతో వెంటనే లాగేస్తున్నాను.

మ్యాట్ వార్నిష్ తరవాతే దుమ్ముకు చోటు. దుమ్ముగా వాడే పిగ్మెంట్ల (రంగు పొడుల) మీద వార్నిష్ కొడితే సగం మాయమవుతాయి, అందుకే వాటిని ఆఖరున వేసి, వాసన లేని థిన్నర్ చుక్కతో నిలబెట్టాను. లేత గోధుమ తెలుపును టైర్ల గాడుల్లో, చక్రాల తలుపుల లోపలి ముఖాల మీద, తోకచక్రం చుట్టూ, ఫ్లాపుల (రెక్క వెనకంచున కిందికి దిగే పలకల) అడుగున పెట్టాను. ప్రొపెల్లర్ గాలి దుమ్మును వెనక్కి తోస్తుంది కనుక రెక్కల పైభాగం మీద పెట్టింది చాలా తక్కువ. మెకానిక్కు నిలబడే కుడి రెక్క మొదలు దగ్గర బూటు అచ్చులు గీద్దామన్న ఆశ ఒకటి పుట్టింది. అదృష్టవశాత్తు దాన్ని మానుకున్నాను.

నమూనాను అప్పగించిన రోజు పెద్దాయన దాన్ని బల్ల మీద పెట్టుకుని ముందు రెక్క పైభాగం చూడలేదు. తిరగేసి, మడత దాటాక అడుగు రంగు తెలుపు నుంచి నీలంలోకి మారిన చోటును వేలితో చూపించి తల ఊపారు. తరవాత ఎడమ కాలును భూతద్దంతో చూసి, "ఇక్కడేదో రిపేరు జరిగినట్టుందే" అన్నారు. జరిగిందని ఒప్పుకున్నాను. ఇత్తడి తీగ ఎంత మందమో అడిగి, దాన్ని తన పుస్తకంలో రాసుకున్నారు.